డాలస్‌లో సెకండ్ హ్యాండ్ కారు: కావలి తమ్ముడి ప్రశ్నకు మనవాళ్ల సమాధానాలు

కావలి, ప్రస్తుతం ఇర్వింగ్

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది కావలి. పోయిన నెలలో భార్య, రెండేళ్ల పాపతో ఇర్వింగ్ వచ్చాను. ఆఫీసు ప్లేనోలో. రైలు, బస్సు మారి వెళ్తుంటే ఇల్లు చేరేసరికి పాప నిద్రపోతోంది. సెకండ్ హ్యాండ్ కారు కొనక తప్పదు. చేతిలో పన్నెండు వేల డాలర్లు ఉన్నాయి. ఇక్కడ క్రెడిట్ చరిత్ర ఇంకా లేదు కాబట్టి అప్పు సంగతి అనుకోవడం లేదు.

రెండు బండ్లు చూశాను. ఒకటి డీలరు దగ్గర 2016 నిస్సాన్ ఆల్టిమా. 92 వేల మైళ్లు తిరిగింది, 8,500 అంటున్నాడు. లోపల అద్దంలా ఉంది, సీట్లు మెత్తగా ఉన్నాయి. రెండోది ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్న మన తెలుగాయన టొయోటా కరోలా. 2015 మోడల్, లక్షా పద్దెనిమిది వేల మైళ్లు, 9,800. ఆయన మా ఆఫీసులో సీనియర్ కూడా. వేసవిలో అమ్మానాన్నలు వస్తున్నారు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. "లక్ష దాటిన బండా, వద్దు" అని నాన్న ఫోనులోనే తేల్చేశారు. ఏం చేయమంటారు?

నెల్లూరు, ప్రస్తుతం ఫ్రిస్కో

తమ్ముడూ, ముందు నాన్నగారి మాట. మన ఊరి లెక్కన ఆయన అన్నది సబబే. మన దగ్గర లక్ష కిలోమీటర్లు తిరిగిన కారంటే అడుగడుగునా క్లచ్ తొక్కి, గుంతల్లో పడి లేచి వచ్చిన కారు. ఇక్కడి మైళ్లలో ఎక్కువ భాగం హైవే మీద ఒకే వేగంతో సాగినవి. ఆ ప్రయాణంలో ఇంజనుకు, బ్రేకులకు అరుగుదల తక్కువ. లక్షా పద్దెనిమిది వేల మైళ్లంటే దాదాపు లక్షా తొంభై వేల కిలోమీటర్లు. వింటే గుండె ఝల్లుమంటుంది, నిజమే. కానీ వేళకు ఆయిల్ మార్చుకుంటూ వచ్చిన కరోలాలు రెండు లక్షల మైళ్లు దాటి కూడా ఇక్కడి రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. మైళ్ల అంకె ఒక్కటే చూసి కొనవద్దు, అది ఒక్కటే చూసి వదులుకోవద్దు. ఆ బండిని ఎవరు, ఎలా చూసుకున్నారన్నదానికి కాగితాలు అడుగు. ఆయిల్ మార్చిన రసీదులు వరుసగా ఉంటే చాలా ధైర్యం.

రెండో సంగతి డబ్బు. పన్నెండు వేలు ఉన్నాయి కదా అని పన్నెండు వేల కారు వెతకవద్దు. టెక్సస్‌లో కారు అమ్మకపు పన్ను 6.25 శాతం. డీలరు దగ్గర కాకుండా మామూలు మనిషి దగ్గర కొంటే, నువ్వు ఇచ్చిన ధర మీద గానీ, ప్రభుత్వం ఆ మోడల్‌కు కట్టిన విలువలో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద పన్ను వేస్తారు. బాగా చవకగా వచ్చిందని సంబరపడినా పన్ను మాత్రం ఆ లెక్కనే పడవచ్చు. ఆ పైన టైటిల్ (కారు ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్. కొత్తగా వచ్చినవాళ్లకు ఇన్సూరెన్స్ ఎక్కువే చెబుతారు. కాబట్టి బేరం కుదరక ముందే రెండు కార్ల విన్ నంబర్లు (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఇన్సూరెన్స్ ధర కనుక్కో. ఇక్కడ చట్టం అడిగే కనీస కవరేజీలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ఉండేది 25 వేల డాలర్లే. నీ ముందు వెళ్తున్న బండి ఖరీదు అంతకు రెండింతలు ఉండవచ్చు. కనీసంతో సరిపెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇవన్నీ పోను టైర్లు, బ్రేకుల కోసం ఒక వెయ్యి, పదిహేను వందలు పక్కన పెట్టుకో. మిగిలినదే కారు డబ్బు.

ఇక ఆ ఆల్టిమా. లోపల అద్దంలా ఉండడానికి డీలరు చేయించేది ఒక పూట పని. నన్ను ఆపేది దాని గేరుబాక్సు. 2013 నుంచి 2016 వరకు వచ్చిన ఆల్టిమాల సీవీటీ గేరుబాక్సుల (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్) మీద అమెరికాలో దావాలు నడిచాయి. చివరికి కంపెనీ వాటి వారంటీ గడువు పెంచింది. పెంచిన ఆ గడువు కూడా ఇప్పుడు అయిపోయింది. అది పోతే మార్పించడానికి కారు ధరలో సగం దాకా అవుతుంది. సీవీటీ అయినంత మాత్రాన చెడ్డదని కాదు, 2014 తర్వాతి కరోలాల్లో చాలావాటికి ఉన్నదీ సీవీటీయే. దాని పేరు మాత్రం పాడు కాలేదు. 2012 నుంచి 2016 దాకా వచ్చిన ఆటోమేటిక్ ఫోర్డ్ ఫోకస్ చవకగా కనిపిస్తే దాన్నీ పక్కన పెట్టు, అందులో డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లుండే) గేరుబాక్సు పెట్టిన ఇబ్బందులది పెద్ద కథ.

ఇక సుఖం సంగతి. డ్రైవరు సీటులో కూర్చుని మురిసిపోతే తెలిసేది కాదు అది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ తెలిసినవాళ్లం. డాలస్ జులై, ఆగస్టు నెలలు అంతకు ఏమీ తీసిపోవు. మిట్టమధ్యాహ్నం వెళ్లి, బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ఏసీ ఎలా వస్తుందో చూడు. నడిచేటప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వెచ్చగా వచ్చే ఏసీలో ఏదో లోపం ఉన్నట్టే. మీ ఆవిడను వెనక సీట్లో కూర్చోబెట్టి హైవే మీద తిప్పు. పాప సీటు వెంట తీసుకెళ్లి బిగించి చూడండి. వెనక్కి తిరిగి ఉండే సీటు పెడితే ముందు సీటు ఎంత ముందుకు జరపాల్సి వస్తుందో అప్పుడు తెలుస్తుంది. అమ్మ మోకాళ్లకు కరోలా కాస్త కిందికి ఉంటుంది. తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా, కాళ్లు ముందు పెట్టి తిరిగి కూర్చోవడానికి చోటుందా అన్నవి చూడు. అదే డబ్బులో మరి కాస్త పాత క్యామ్రీ దొరికితే వెనక సీటు విశాలంగా ఉంటుంది. అయితే 2007 నుంచి 2009 వరకు వచ్చిన నాలుగు సిలిండర్ల క్యామ్రీలు ఆయిల్ తాగుతాయని పేరు, వాటి జోలికి వెళ్లవద్దు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. నీ ప్రశ్నలో నాకు భయం వేసింది ఆల్టిమా గురించి చదివినప్పుడు కాదు, "మన తెలుగాయన, సీనియర్" అన్న దగ్గర. మనవాళ్లలో ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది మొహమాటంతోనే. ఆయన మంచివాడే అయి ఉంటాడు. బండిలో ఏముందో ఆయనకూ తెలియకపోవచ్చు కదా. మెకానిక్‌కు చూపిస్తానని అడగడం ఆయనను అనుమానించడం కాదు. మన దగ్గరైతే తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్తాం. ఇక్కడ మేస్త్రీ రాడు, కారే షెడ్డుకు వెళ్లాలి. అమ్మేవాళ్లతో సంబంధం లేని షెడ్డు నువ్వే ఎంచుకో. నూటయాభై, రెండు వందల డాలర్లు తీసుకుని లిఫ్టు మీద పెట్టి అడుగుభాగం అంతా చూస్తారు. రాసి ఇమ్మని అడుగు. ఆ కాగితం ఉంటే బేరం ఆడేది నువ్వు కాదు, కాగితం. సీనియర్ ముందు నోరు పెగలకపోతే దాన్నే చేతికివ్వు.

ఒంగోలు, ప్రస్తుతం ఆర్లింగ్టన్

బాబూ, అక్కగారు చెప్పినవన్నీ నిజం. షెడ్డుకు తీసుకెళ్లే ముందు నువ్వే చూడగలిగినవి కొన్ని చెబుతాను, డబ్బు ఆదా అవుతుంది.

బయలుదేరే ముందు ఫోను చేసి, నేను వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడు. ఎండలో లేకపోయినా వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే చాలా లోపాలు బయటపడతాయి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది. తెల్లటి పొగ ఆగకుండా వస్తూ తియ్యటి వాసన వేస్తే కూలెంట్ లోపలికి పోతోంది. తాళం తిప్పగానే చెక్ ఇంజన్ దీపం వెలగాలి, ఇంజను అందుకున్నాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దీపాన్నే తీసేశారేమో చూడాలి.

కారు కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ ఇరవై డాలర్లకు దొరుకుతుంది. 1996 నుంచి ఇక్కడ అమ్మిన ప్రతి కారులో స్టీరింగ్ కింద దాన్ని తగిలించే చోటు ఉంటుంది. కోడ్లు ఏమీ రాలేదని సంతోషపడి తీసేయకుండా, రెడీనెస్ మానిటర్లు (కారు తన పొగ వ్యవస్థను తానే పరీక్షించుకుందా అని చూపేవి) అనే పేజీ తెరిచి చూడు. అందులో చాలావరకు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే, ఒకటి రెండు రోజుల కింద ఎవరో కోడ్లు చెరిపేశారని గానీ బ్యాటరీ తీసి పెట్టారని గానీ అర్థం. ఎందుకని అడుగు. డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది. టెక్సస్ 2025 నుంచి మామూలు కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేసింది కానీ ఇది మాత్రం తీసేయలేదు. ఆ మానిటర్లు పూర్తి కాకపోతే పరీక్షలోనూ నెగ్గదు.

టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరుస ఉంటుంది. చివరి నాలుగు అంకెలు చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. గాడులు లోతుగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ముసలిదై ఉంటుంది. ఈ ఎండలకు అలాంటి టైరుతో పాపను ఎక్కించుకుని హైవే ఎక్కవద్దు.

వరద బండ్ల గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లు తర్వాత ఏమయ్యాయో నెల్లూరు వైపు చాలామంది చూశారు. ఇక్కడ 2017లో హ్యూస్టన్‌ను ముంచిన హార్వీ తుపాను తర్వాత అలాంటి బండ్లు లెక్కలేనన్ని. వాటిని వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి వరదలో మునిగిందని టైటిల్ మీద ఉన్న మచ్చ మాయం చేసేవాళ్లు ఉన్నారు. సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగు. రోజూ బయట కనిపించే భాగం కడిగి ఉంటారు, లోపల చుట్టుకుని ఉండే చివరి మూరలో బురద చార ఉండిపోతుంది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో ఇసుక, తుప్పు ఉందేమో వేలితో తడిమి చూడు. కారు లోపల సెంటు వాసన గుప్పుమంటుంటే అసలు వాసన ఏమిటో వెతుకు.

విన్ నంబరులో 17 అక్షరాలు ఉంటాయి. డ్యాష్‌బోర్డు మీద అద్దం పక్కన ఒకటి, డ్రైవరు తలుపు అంచున ఒకటి, టైటిల్ కాగితం మీద ఒకటి. మూడూ కలవాలి. పదో అక్షరం మోడల్ సంవత్సరం: 2015కు ఎఫ్, 2016కు జీ. ఇన్సూరెన్స్ మోసాల మీద పనిచేసే ఎన్‌ఐసీబీ సంస్థ వాళ్ల విన్‌చెక్‌ వెబ్‌సైటులో దొంగ బండా, తుక్కు కింద రాసేసిన బండా అన్నది ఉచితంగా తెలుస్తుంది. రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో, చేయించకుండా ఉండిపోయిన రీకాల్‌లు (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచి చేసే మరమ్మతులు) కనిపిస్తాయి. పేలి ముక్కలు చిమ్మే లోపమున్న తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు మార్చని పాత బండ్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి, కంపెనీ షోరూములో అది ఉచితంగా చేసేదే. కారు పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టుకు డబ్బు పెట్టవచ్చు, మంచిదే. అయితే ఇన్సూరెన్స్‌కు చెప్పకుండా సొంతంగా బాగు చేయించుకున్న ప్రమాదాలు అందులో ఉండకపోవచ్చు. బానెట్ తెరిచి ఫెండర్‌ను (ముందు చక్రం పైన ఉండే రేకు) పట్టి ఉంచే బోల్టుల తలలు చూడు. వాటి మీద రంగు గీరుకుపోయి ఉంటే ఎప్పుడో ఆ ఫెండర్ ఊడదీశారు.

కావలి, ప్రస్తుతం ఇర్వింగ్

అన్నగారూ, అక్కా, చాలా థ్యాంక్స్. ఆల్టిమా డీలరు పొద్దున్నుంచి నాలుగుసార్లు ఫోను చేశాడు. ఈ సాయంత్రంలోపు అయిదు వందలు అడ్వాన్సు కట్టకపోతే వేరే వాళ్లకు ఇచ్చేస్తాడట. నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చని మా పక్కింటాయన అంటున్నారు. నిజమేనా?

నెల్లూరు, ప్రస్తుతం ఫ్రిస్కో

నిజం కాదు తమ్ముడూ. డీలరు దగ్గరికి వెళ్లి కారు కొని సంతకం పెట్టాక మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు కేంద్ర చట్టంలో లేదు. డీలరే రాసి ఇస్తే తప్ప ఆ మాట నమ్మవద్దు. ఇంకొకటి, డీలరు అమ్మే ప్రతి పాత కారు మీద బయ్యర్స్ గైడ్ అనే కాగితం అతికించి ఉండాలని నిబంధన. వారంటీ ఉందా, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నారా అన్నది అందులో ఉంటుంది. రెండోదానికి టిక్కు పెట్టి ఉంటే గేటు దాటాక వచ్చిన ఖర్చంతా నీదే. నోటితో ఏం చెప్పినా ఆ కాగితం మీద రాయమను, రాయకపోతే చెప్పనట్టే లెక్క. తొందరపెట్టేవాడికి అడ్వాన్సు ఇవ్వవద్దు. పోతే పోనివ్వు, ఇది కార్లకు కరువున్న ఊరు కాదు.

సింగరాయకొండ, ప్రస్తుతం డెంటన్

ఒక చిన్న మాట. టొయోటా, హోండా పేరుకు ఇక్కడ అదనంగా డబ్బు వసూలు చేస్తారు. అదే ధరకు మాజ్డా 3 అయితే ఒకటి రెండేళ్లు కొత్తది వస్తుంది, నమ్మకమైనదే. వెనక సీటు మాత్రం ఇరుకు. అమ్మానాన్నలు, పాప సీటు అంటున్నారు కాబట్టి మీకు కుదరకపోవచ్చు.

కావలి, ప్రస్తుతం ఇర్వింగ్

అక్కా, ఆల్టిమా వదిలేశాను. కరోలాను షెడ్డుకు తీసుకెళ్తానంటే సీనియర్ ఒక్క మాట కూడా అనలేదు, తాళం ఇచ్చి పంపారు. రిపోర్టు వచ్చింది. ఇంజను, గేరుబాక్సు బాగున్నాయి. ముందు టైర్లు రెండూ 2018వి. వెనక బ్రేకు ప్యాడ్లు చివరికి వచ్చాయి. రీకాల్‌లు ఏమీ మిగల్లేదు. మోకాళ్ల సంగతికి మా ఆవిడ వాళ్ల పెద్దమ్మ వచ్చి ఎక్కి దిగి చూశారు, ఫరవాలేదన్నారు. ఎంత తగ్గించమని అడగాలి?

నెల్లూరు, ప్రస్తుతం ఫ్రిస్కో

రెండు టైర్లు, ప్యాడ్లు, కూలి కలిపి ఎంతవుతుందో ఆ షెడ్డువాళ్లనే రాసి ఇమ్మను. అంత తగ్గించమని అడుగు, దాని మీద ఒక్క డాలరు కూడా ఎక్కువ అడగవద్దు. కాగితం మీద ఉన్న అంకెకు ఎవరికీ కష్టం కలగదు.

టైటిల్ మీద ఉన్న పేరు, ఆయన లైసెన్సు మీద ఉన్న పేరు ఒకటేనా చూసుకో. బ్యాంకు అప్పు తీరకపోతే టైటిల్ మీద బ్యాంకు పేరు ఉంటుంది. అప్పుడు డబ్బు ఆయన చేతికి ఇవ్వకుండా, ఇద్దరూ కలిసి ఆ బ్యాంకుకే వెళ్లి కట్టి, విడుదల కాగితం తీసుకోండి. బ్యాంకే రాసి ఇచ్చే క్యాషియర్ చెక్కు అయితే ఇద్దరికీ నిశ్చింత. టైటిల్ నీ పేరుకు మార్చడానికి ఇచ్చే 130-యూ ఫారం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. పన్ను తగ్గుతుందని ధర తక్కువ వేసుకుందామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అది నేరం, నువ్వు వీసా మీద ఉన్నావు. సంతకాలయ్యాక ఆయనతో కలిసే కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లు, 30 రోజుల గడువు ఉంది కదా అని ఆగవద్దు. ఆయన విమానం ఎక్కాక ఒక్క సంతకం తక్కువైనా తెప్పించుకోవడం చాలా కష్టం. నంబరు ప్లేట్లు ఆయనవి, తీసి ఆయనకు ఇచ్చేయి. బండి అమ్మినట్టు ఆయన రవాణా శాఖ వెబ్‌సైటులో తెలియజేసేదాకా పక్కనే ఉండు. లేకపోతే నువ్వు దాటిన టోల్ గేట్ల బిల్లులు ఆయన పేరు మీద వెళ్తాయి.

ఆ మధ్యాహ్నమే ఇన్సూరెన్స్ మొదలయ్యేలా తేదీ వేయించుకో, అది చేతికి వచ్చాకే స్టీరింగ్ పట్టు. టైర్లు మార్పించకుండా మాత్రం పాపను ఎక్కించవద్దు.