ఇద్దరు గుమాస్తాల జీతం మిగులుతుందట, ఈ సాఫ్ట్‌వేర్ లెక్క నమ్మొచ్చా?

తెనాలి_ఏజెన్సీ:
మాది తెనాలిలో మందుల హోల్‌సేల్. నెలకి 30 లక్షల అమ్మకం. బిల్లులు, స్టాకు, బాకీలు ఒకేచోట కనబడే సాఫ్ట్‌వేర్ పెట్టుకోమని ఒకాయన వెంటపడుతున్నాడు. మూడు కంప్యూటర్లతో కలిపి 3 లక్షలు, ఏటా మెయింటెనెన్సు 30 వేలు. ఆయన రాసిచ్చిన కాగితంలో ఉన్నది ఒకటే: ఇద్దరు గుమాస్తాలు తగ్గుతారు, ఏడాదికి 3.6 లక్షలు మిగులు, పది నెలల్లో డబ్బు వెనక్కి. మా పెద్ద గుమాస్తా 19 ఏళ్లుగా నాన్నగారితో ఉన్నాడు. ఆయన్ని తీసేద్దామంటే నాన్నగారు ముందు నన్ను తీసేస్తారు. మరి ఈ పెట్టుబడిని ఎలా లెక్కేయాలి?

పద్దుల_పిచ్చి:
తీసెయ్యని మనిషి జీతం మిగులు కాదండీ, ఆ గీత కొట్టెయ్యండి. బాకీల సంగతి చూడండి. రోజుకి లక్ష అమ్మకం. 45 రోజులకి వచ్చే బాకీ 40 రోజులకే వస్తే 5 లక్షలు చేతిలో ఉంటాయి. ఓడీకి (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పుకి) 12 శాతం వడ్డీ కడుతున్నారనుకుంటే ఏడాదికి 60 వేలు మిగులు. మెయింటెనెన్సు పోను 30 వేలే, అంటే పదేళ్లు! ఆదాయపన్నులో కంప్యూటర్లకీ సాఫ్ట్‌వేర్‌కీ 40 శాతం తరుగుదల (విలువలో అంత ఖర్చుగా చూపించుకునే వీలు) ఉంది కదా అని ఎవరైనా అంటారు. దాన్ని చూసి కొనకండి. ఎక్స్‌పైరీ కింద ఏటా ఎంత పోతోంది?

చెయ్యి_కాలినవాడు:
మేం కొన్నాం. బ్యాచ్ నంబర్లు ఎక్కించడానికే మూడు నెలలు, కుర్రాళ్లు రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చున్నారు. చిట్టా కూడా మానలేదు, రెండూ రాశాం. ఆ ఓవర్‌టైము ఏ కాగితంలోనూ లేదు. కంప్యూటర్లు ఎక్కడ చూసినా కనబడుతున్నాయి, ఉత్పాదకత లెక్కల్లో తప్ప అని 1987లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో అన్నది మా కొట్టుని చూసే అనుకుంటా. వెనకటికి ఫ్యాక్టరీల్లో ఆవిరి ఇంజను తీసి అదేచోట కరెంటు మోటారు పెడితే పెద్దగా ఒరగలేదు. యంత్రానికో మోటారు బిగించి, షెడ్డు అమరికే మార్చాక లాభం కనబడింది. మేం చిట్టా పక్కన కంప్యూటర్ పెట్టామంతే.

తెనాలి_ఏజెన్సీ:
నిన్న ఆదివారం వెనక గదిలో అట్టపెట్టెలన్నీ దింపాం. గడువు దాటి కంపెనీ వెనక్కి తీసుకోని సరుకు ఏడాదిలో 1.1 లక్షలు! ఎక్కువగా పిల్లల సిరప్పులు. కొత్త బ్యాచ్ ముందు, పాతది దాని వెనకాల. పెద్ద గుమాస్తా చూసి, "పెట్టె మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో నెల రాస్తే చాలదా అబ్బాయ్?" అన్నాడు. పెన్ను 20 రూపాయలు. మూడు నెలలు అలా నడిపి, అప్పటికీ పోయేదెంతో అదే సాఫ్ట్‌వేర్ వల్ల మిగిలేదిగా రాస్తా. ఈలోగా ఆ సాఫ్ట్‌వేర్ ఆయన ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలియట్లేదు, రోజూ చేస్తున్నాడు.