పేషెంట్ "పర్లేదమ్మా" అంటే ఫారంలో ఏం రాయాలి?

ఐదోబెడ్_సిస్టర్:
నన్ను పాలియేటివ్ వార్డుకి, అంటే తీవ్రమైన జబ్బులున్నవాళ్ల నొప్పీ బాధా తగ్గించే వార్డుకి, మార్చి మూడు నెలలైంది. అంతకుముందు ఆరేళ్లు సర్జికల్ వార్డు. ఇక్కడ రోజుకి రెండుసార్లు ఎడ్మంటన్ స్కేలు ఫారం నింపాలి. నొప్పి, ఆయాసం, వికారం, దిగులు, ఇలా ఒక్కోదానికి 0 నుంచి 10 దాకా అంకె వెయ్యాలి. ఐదో బెడ్ తాతకి నోటి క్యాన్సర్. ఎప్పుడడిగినా "పర్లేదమ్మా, మూడెయ్యి" అంటాడు. వారం నుంచీ మూడే.

నిన్న దుప్పటి మారుస్తుంటే చూశాను, దిండు ఎడమవైపే నలిగి ఉంది. కుడివైపు ఒత్తిగిలడం మానేశాడన్నమాట. పొద్దుటి టీ గ్లాసు మూత తియ్యకుండా అలాగే ఉంది. మీరైతే ఎలా అడుగుతారు?

రిటైర్డ్_హెడ్‌నర్స్:
ఆ ఫారం 1991లో కెనడాలో పుట్టిందమ్మా. మన పెద్దాయనకి పది అంకెలంటే బడిలో మార్కుల్లా ఉంటాయి. "తాతా, నొప్పి మొత్తం రూపాయి అనుకుంటే ఇప్పుడెంత? పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అని అడుగు, ఠక్కున చెప్తాడు. రాత్రి ఎన్నిసార్లు లేచాడు, ముద్ద మింగడానికి ఎంతసేపు పడుతోంది, ఇవీ అడుగు. నొప్పి తగ్గడానికి మధ్యలో వేసే అదనపు మార్ఫిన్ డోసులు రోజూ పెరుగుతుంటే డాక్టరుకి చెప్పు.

ఇంకోటి. మాత్ర వేశాక గంటకి మళ్లీ మంచం దగ్గరికి వెళ్లు. సాయంత్రం ఫారం దాకా ఆగితే ఆ మాత్ర పనిచేసిందో లేదో ఎవరికి తెలుస్తుంది? విరేచనం సంగతి రోజూ అడుగు. మార్ఫిన్ మత్తు మామూలుగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది గానీ మలబద్ధకం తగ్గదు.

వరండా_కూతురు:
నేను నర్సుని కాదు. మా నాన్న రౌండ్స్‌లో డాక్టరుగారిని చూస్తే చాలు, లేచి కూర్చుని నమస్కారం పెట్టేవారు. వాళ్లు అటు వెళ్లగానే పళ్లు బిగపట్టేవారు. నన్ను బయట వరండాలో అడిగుంటే అన్నీ చెప్పేదాన్ని. అడిగింది ఒక్క ఆయమ్మే. ఆయనకి నిద్ర పట్టనిది నొప్పికి కాదు, బ్యాంకులో తాకట్టున్న అమ్మ గాజుల కోసం. విడిపించి తెచ్చి చేతిలో పెడితే ఆ రాత్రి పడుకున్నారు.

నైట్‌డ్యూటీ_డాక్టర్:
నా పొరపాటు ఒకటి చెప్తాను. మాట పడిపోయిన ఒకాయన రాత్రంతా దొర్లుతుంటే నొప్పే అనుకుని మార్ఫిన్ పెంచాను. తెల్లవారి పొట్ట మీద చెయ్యి వేస్తే మూత్రసంచి రాయిలా ఉంది. ట్యూబు వేస్తే 900 మి.లీ. వచ్చింది, పది నిమిషాల్లో నిద్రపోయాడు. అప్పట్నుంచి ముందు పొట్ట తడుముతాను, తర్వాతే డోసు. కొత్తగా కాళ్లూ చేతులూ ఉలిక్కిపడుతుంటే కిడ్నీ పనితీరు కూడా చూడండి. కిడ్నీలు మందగిస్తే మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది.

ఐదోబెడ్_సిస్టర్:
రూపాయి లెక్కలో అడిగాను అక్కా. "ముప్పావలా దాటింది" అన్నాడు. మరి మూడెందుకన్నావు తాతా అంటే, మందు పెంచితే ఆదివారం మనవరాలు వచ్చేసరికి మత్తులో ఉంటానేమోనని భయమట! డాక్టరుగారు వచ్చి కూర్చుని మాట్లాడారు. ఇవాళే కొంచెం పెంచి, ఆదివారంలోపు మత్తు ఎలా ఉందో చూద్దామన్నారు. నోట్లో పుళ్లకి పుక్కిలించే మందు కూడా రాశారు. టీ మాత్రం బాగా చల్లార్చి ఇమ్మన్నాడు, పంచదార ఎక్కువేసి.