ఎఫ్40 గొప్పదా, 959 గొప్పదా?

కరకంబాడి_కారు: ఎనభైల సూపర్‌కార్లలో ఇంజనీరింగ్ పరంగా మీ ఓటు దేనికి? 1986 పోర్షే 959కా, 1987 ఫెరారీ ఎఫ్40కా? నాది 959కే. 2.85 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 450 హార్స్‌పవర్. ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే రెండు టర్బోలూ ఒకేసారి అందుకోవు. ముందు ఒకటి లాగుతుంది, ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెరిగాక రెండోది తోడవుతుంది. అందుకే కింది ఆర్‌పీఎంలో కూడా లాగుడు ఉంటుంది. నాలుగు చక్రాలకూ పవర్, గట్టిగా బ్రేకేసినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్, టైర్లో గాలి తగ్గితే చెప్పే సెన్సార్లు కూడా ఉన్నాయి. అన్నీ ఆ రోజుల్లోనే!

పలమనేరు_స్పానర్: తమ్ముడూ, ఎఫ్40 టాప్ స్పీడు 324 కిలోమీటర్లు, నీ 959ది 317. ఇంకేం చర్చ? కార్పెట్ లేదు, రేడియో లేదు, లోపల్నుంచి డోర్ తీయాలంటే తీగ పట్టుకుని లాగాలి. అనవసరమైన బరువు ఒక్కటీ పెట్టలేదు.

రేణిగుంట_రైడర్: 1986 పారిస్-డాకర్ ర్యాలీలో 959లు మొదటి రెండు స్థానాలూ కొట్టాయి. ఆ ఇసుకలో ఎఫ్40 నడుస్తుందా?

పలమనేరు_స్పానర్: ఇసుక సంగతి ఎవరడిగారు? 324 ఎక్కువా, 317 ఎక్కువా? అది చెప్పండి.

కరకంబాడి_కారు: ఎఫ్40కి 478 హార్స్‌పవర్. 28 ఎక్కువుండీ తేడా ఏడు కిలోమీటర్లే. 959 గాలిని బాగా చీల్చుకుంటుంది కాబట్టే. ఆ ఏడునే పట్టుకుని వేలాడతారేంటన్నా? వానలో కొండ దిగుతుంటే మా నాన్న కారు చక్రాలు లాక్ అయి, జారుతూ పోయి పిట్టగోడను రాసుకుంది. ఏబీఎస్ విలువ నాకు ఆ రోజు తెలిసింది.

పలమనేరు_స్పానర్: సెకండ్ గేర్లో దిగాల్సింది.

కరకంబాడి_కారు: మా నాన్నకు డ్రైవింగ్ రాదంటారా? మాటలు జాగ్రత్త.

పలమనేరు_స్పానర్: మీ నాయన్ని అనలేదు. నా బాధ విను. ఒక కస్టమర్ కారులో ఏబీఎస్ లైటు వెలిగితే, సర్వీస్ సెంటర్‌వాళ్లు ఏబీఎస్‌ను నడిపే మాడ్యూల్ మొత్తం మార్చాలన్నారట. నేను చక్రం విప్పి చూస్తే సెన్సార్ మొన మీద ఇనుప రజను, బురద. గుడ్డతో తుడిచాను, లైటు పోయింది. అయినా ఆ కస్టమర్ మళ్లీ నా షెడ్డుకు రాలేదు. కారు కంప్యూటర్‌లో లోపాన్ని చదివే స్కానర్ లేనివాడు మెకానిక్ కాదట! ఆ దారికి తలుపు తీసింది నీ 959 లాంటి బండ్లే.

చంద్రగిరి_క్లచ్: అంటే అన్నా, గొడవ స్పీడు గురించి కాదన్నమాట.

పలమనేరు_స్పానర్: కాదు. బండి ఎవడి చేతిలో ఉండాలన్నది నా గొడవ.

కరకంబాడి_కారు: మీకు జరిగింది అన్యాయమే. కానీ ఎఫ్40లో కూడా పెట్రోల్ ఇంజెక్షన్‌ను కంప్యూటరే చూసుకుంటుందన్నా. వెబర్-మారెల్లి సిస్టమ్. దాన్ని స్పానర్‌తో ఎలా సరిచేస్తారు?

పలమనేరు_స్పానర్: ఇంజన్‌కు ఏదైనా పెట్టుకోనీ. ఎఫ్40 బ్రేకుకు ఏబీఎస్ కాదు కదా, కాలి బలానికి తోడయ్యే బూస్టర్ కూడా లేదు. ఎంత గట్టిగా తొక్కాలో నా కాలే తేలుస్తుంది. నా ఓటు మారదు.