పాత తలుపు రెక్కలతో డైనింగ్ టేబుల్, పట్టెమంచంతో బెంచీ: చేసినవాళ్ళు కాస్త చెప్పండి

పెంకుటిల్లు:
ఇల్లు విప్పాక రెండు రెక్కల టేకు తలుపు, ఒక పట్టెమంచం మిగిలాయి. రెక్క ఒక్కోటి ఆరున్నర అడుగుల పొడవు, 21 అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం. పైన ఆకుపచ్చ ఎనామిల్, దాని కింద ఇంకెన్ని రంగులున్నాయో తెలీదు. రెక్కలు రెండూ పక్కపక్కన వేసి ఆరుగురికి డైనింగ్ టేబుల్, మంచంతో దానికో బెంచీ చేయించాలని. వడ్రంగి మాత్రం "దీనికయ్యే కూలికి కొత్త ప్లైవుడ్ టేబులే వస్తుంది సార్" అంటున్నాడు. ఎక్కడ మొదలెట్టాలి?

ఉలి_బాడిస:
కూలి సంగతి తర్వాతండీ. ముందు అది టేకో కాదో, టేకైతే చేవ (లోపలి గట్టి కర్ర) ఎంత, తెల్ల (అంచున ఉండే మెత్త కర్ర) ఎంత అన్నది చూడండి.

రెక్కని తూకం వేయండి. ఎండిన టేకు ఘనపు అడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది. మీ రెక్క నిండుచెక్క అయితే 1.4 ఘనపు అడుగులు. దిలాసాలు (ఫ్రేము మధ్యలో కూర్చోబెట్టే పలకలు) పల్చగా ఉంటాయి కాబట్టి అసలు కలప ఒకటీ చిల్లర. అంటే ఇనుము తీసేశాక 18 నుంచి 22 కిలోల మధ్య రావాలి. 28, 30 దాటితే నల్లమద్ది లాంటి బరువు కర్ర అయ్యుండొచ్చు. వాడుకోవచ్చు గానీ పని కష్టం, ఉలి మాటిమాటికీ నూరుకోవాలి.

తర్వాత అడుగు అంచు. రంగు పడని చోట ఉలితో చిన్న పెచ్చు లేపితే లోపల తేనెరంగు చేవ, అంచున పాలిపోయిన తెల్ల విడివిడిగా కనబడతాయి. పుచ్చు పట్టేది తెల్లకే. రంధ్రాలు కనబడగానే కంగారు పడొద్దు, అవి ఏనాటివో కావచ్చు. నల్ల కాగితం పరిచి రెక్కని దానిమీద రెండు వారాలు ఉంచండి. కాగితం మీద పిండి రాలితే పురుగు బతికే ఉంది. అప్పుడు రంగు తీసేశాక ఉత్త చెక్కకే మందు పట్టించాలి, పెయింట్ మీద పూస్తే లోపలికి దిగదు. టెర్మినేటర్ లాంటి కలప మందు బ్రష్‌తో రెండు పూతలు, రంధ్రాల్లోకి సిరంజితో. కిరసనాయిలు పోస్తే నాలుగు రోజులు ఊరుకుంటాయి, మళ్ళీ మొదలు. స్క్రూడ్రైవర్ మొన నొక్కితే లోపలికి దిగిపోయేంత గుల్లైన చోటు కోసి పారేయడమే, మందుతో గట్టిపడదు.

మూడోది మేకులు. బలమైన అయస్కాంతంతో రెక్కంతా అంగుళం అంగుళం తడమండి. తల విరిగి లోపలే ఉన్న ఒక్క మేకు చాలు చిత్రిక బ్లేడు అంచు విరగడానికి. కోతమిల్లుల వాళ్ళు పాత కర్ర అనగానే మొహం తిప్పుకునేది అందుకే. కీళ్ళలో ఉండేవి చాలావరకు వెదురు చీలలే, అయస్కాంతానికి దొరకవు. వాటితో బ్లేడుకు ప్రమాదం లేదు.

రందా_భాయ్:
అన్నా, రంగు తీసుడు దగ్గరనే చాలామంది తలుపు ఖరాబు చేస్తరు. రెండు సంగతులు.

ఒకటి, పాత ఎనామిల్ అంటే సీసం ఉందనుకునే పని చేయాలె. ఇంటి రంగుల్ల సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళల్ల 90) దాటొద్దని మన దేశంల రూల్ అమలైంది 2017 నవంబర్ నుంచి. మీ తలుపు దానికి ఎన్నో ఏండ్ల ముందుది. పొడిగా సాండర్ పెడితే ఆ దుమ్ము ఇల్లంత పరుచుకుంటది, చిన్నపిల్లలున్న ఇంట్ల అయితే అసలే వద్దు. హీట్ గన్ వేడి ఎక్కువైతే పొగల కూడ సీసం వస్తది. పెయింట్ రిమూవర్ తోటి మెత్తగ చేసి, తడిమీదనే గీకుడే మంచిది. బయట, గాలి ఆడే చోట, రబ్బరు గ్లౌజులు, కండ్లద్దాలు. గీకిన పొట్టు పాత పేపర్ల చుట్టి కవర్ల కట్టెయ్యండి, చెట్ల మొదట్ల పోయొద్దు.

రెండోది, రిమూవర్ పల్చగ పూస్తరు, ఎండిపోతది, "మందు పనిచేస్తలేదు" అంటరు. మందంగ పూసి మీద పాలిథీన్ షీట్ కప్పాలె. 20, 30 నిమిషాలకు రంగు బుడగలు లేస్తది. వెడల్పు గీకుడు పట్టీతోటి చెక్క పోగు (నార) నిలువునా తియ్యండి, అడ్డంగ గీకితే గీతలు పడ్తయి. ఒక్కో పూతకు ఒక్కసారి అనుకోండి. నాలుగు రంగులుంటే నాలుగుసార్లు. చెక్కడం ఉన్నకాడ పాత టూత్‌బ్రష్, ఇత్తడి తీగ బ్రష్. ఇనుప తీగ బ్రష్ గాని, స్టీల్ ఊల్ గాని పెట్టొద్దు. ఇనుప ముక్కలు పోగుల ఇరుక్కుంటయి, తడి తగిలిందంటే నల్ల మచ్చలు.

కాస్టిక్ సోడా నీళ్ళల్ల ముంచి తీస్తమని కొందరంటరు. రంగు ఊడుడు ఊడ్తది, కాని టేకు నల్లబడ్తది, కీళ్ళు వదులైతయి.

మేకులున్న చోట నల్ల మరకలకు లీటరు గోరువెచ్చని నీళ్ళల్ల 50 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కలిపి బ్రష్‌తోటి రుద్దండి. మరక మీదనే కాదు, ఆ చెక్క ముక్క మొత్తం పూస్తెనే రంగు ఒక్కతీరుగ వస్తది. ఆరినంక మంచినీళ్ళతోటి రెండుసార్లు కడగాలె. అది విషం, వంటింటి గిన్నెల కలపొద్దు. ఆరిన పొడిని ఊదొద్దు కూడ.

పెంకుటిల్లు:
దిలాసాలు ఫ్రేము కంటే అర అంగుళం లోతులో ఉన్నాయి. వీడియోల్లో చూపించినట్టు రెసిన్ పోసి నింపేస్తే నున్నగా వచ్చేస్తుంది కదా?

ఉలి_బాడిస:
దయచేసి పోయకండి. ముందు లెక్క చూసుకోండి: 14 అంగుళాలు, 20 అంగుళాలు, అర అంగుళం లోతు అంటే ఒక్క గడికే దాదాపు 2.3 లీటర్లు. రెక్కకి మూడు గడులైతే రెండిటికీ కలిపి 14 లీటర్లు. వడ్రంగి కూలి ఎక్కువన్న మాటే మర్చిపోతారు.

డబ్బు సంగతి అలా ఉంచినా, తలుపు తయారయ్యే తీరే రెసిన్‌కి పడదు. దిలాసాని ఫ్రేము గాడిలో ఊరికే కూర్చోబెడతారు, బంక పెట్టరు. వానాకాలం చెమ్మకి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది, గాడిలోనే అటూఇటూ జరుగుతుంది. ఇన్నేళ్ళూ పగలకుండా ఉన్నది అందుకే. రెసిన్ పోస్తే దిలాసా, ఫ్రేము ఒకే బండ అవుతాయి. తర్వాత వచ్చే ఎండాకాలంలో రెసినైనా అంచు దగ్గర విడుతుంది, దిలాసా అయినా నిలువునా చీలుతుంది. పైగా టేకులో నూనె ఉంటుంది, థిన్నర్‌తో తుడవకపోతే ఏ బంకా సరిగ్గా పట్టదు. వేడి గిన్నె దించితే రెసిన్ మీద మచ్చ సరేసరి.

గాజుపలక:
అద్దమే దారి. 8 మి.మీ. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) చాలు, కింద ఫ్రేము ఆసరా ఉంది కదా. మీ కొలతకి, అంటే ఆరున్నర అడుగులు, మూడున్నర అడుగులు, అద్దం ఒక్కటే 42 కిలోలు వస్తుంది. 10 మి.మీ. వేస్తే 53. రెక్కలతో కలిపి పైభాగమే 80, 90 కిలోలు, కాళ్ళు దాన్ని బట్టి ఉండాలి.

కొలత ఇచ్చేముందు టేబుల్ పూర్తిగా బిగించండి. టఫెన్డ్ చేశాక కోయడం, బెజ్జం పెట్టడం కుదరదు, అంచుకి గట్టి దెబ్బ తగిలితే మొత్తం పిండైపోతుంది. పాత రెక్కలు మూలమట్టానికి ఉండవు. మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలవండి, తేడా ఉంటే అట్టతో నమూనా కోసి ఇవ్వండి. అద్దానికీ చెక్కకీ మధ్య ఫ్రేము మీద అడుగుకొకటి చొప్పున పారదర్శకం సిలికాన్ బొట్టు బిళ్ళలు. నేరుగా చెక్క మీద వేస్తే కింద చెమ్మ పట్టి పాలిష్ తెల్లబారుతుంది. గొళ్ళెం, గడియ ఉంచుకోవాలని ఉంటే అద్దం మట్టం కంటే కిందకి దిగేలా చూసుకోండి, లేదా పక్క అంచుకి మార్చండి.

అద్దం వద్దనుకుంటే గడుల్లో సరిగ్గా పట్టే ప్లైవుడ్ ముక్కలు కోసి, చుట్టూ 2 మి.మీ. ఖాళీ వదిలి, బంక లేకుండా కూర్చోబెట్టొచ్చు. మెతుకులు ఆ సందుల్లో చేరతాయని ముందే చెబుతున్నా.

రందా_భాయ్:
కాళ్ళ లెక్క నేను చెప్త. భోజనం టేబుల్ ఎత్తు 30 అంగుళాలు. అండ్ల చెక్క అంగుళంన్నర, అద్దం, బిళ్ళలు కలిపి అర అంగుళం లోపు పోతే స్టాండు 28 ఉండాలె. 40 మి.మీ. స్క్వేర్ పైపు, 2 మి.మీ. మందం చాలు. పొడవునా రెండు పైపులు, అడ్డంగ మూడు. మధ్య అడ్డపైపు మరవొద్దు, రెక్కల నడుమ భాగం దాని మీదనే ఆనుతది. పైపు కింద 26 అంగుళాల పైనే ఖాళీ ఉంటది, మోకాళ్ళు తగలవు. స్టాండు చివరల కన్న రెక్క 8, 10 అంగుళాలు బయటికి ఉంటే కూసునేటోళ్ళకు కాలు అడ్డం రాదు.

బిగించుడు మాత్రం గుండ్రటి బెజ్జాల తోటి వద్దు. పైపుల 6 మి.మీ. స్క్రూకు 12 మి.మీ. పొడవు గాడి, రెక్క వెడల్పు దిక్కు. వాషరు వేసి బిగించాలె, మరీ బిగపట్టొద్దు. చెక్క జరగాలె గద.

ఇంకోటి, రెండు రెక్కలు కలిసే చోట ఒకటి మీద ఒకటి ఎక్కే మెట్టు ఉంటది. దాన్ని రంపంతోటి నిలువునా తీసేస్తరు కొందరు, వెడల్పు అర అంగుళం పోతది. నేనైతే ఆ మెట్టు అట్లనే ఉంచి, ఒకటి మీద ఒకటి కూర్చోబెట్టి కింది నుంచి స్క్రూలు వేస్త. సందు కనపడదు, మట్టం కూడ సరిగ్గ వస్తది.

లక్క_పాలిష్:
పాలిష్ గురించి ఎవరూ చెప్పలేదు. సాండ్ పేపర్ 80తో మొదలెట్టి 120, 180, 220. మెట్టు దూకితే ముందు కాగితం గీతలు పాలిష్ పడ్డాకే బయటపడతాయి. రంగు పూర్తిగా పోయి ఉత్త చెక్క తేలాకే పొడి సాండింగ్, అదీ మాస్క్ పెట్టుకుని.

పగుళ్ళలో రంపప్పొట్టు, ఫెవికాల్ కలిపి కూరడం మనవాళ్ళ అలవాటు. బంక పాలిష్‌ని పీల్చుకోదు, ఆ గీత మచ్చలా మిగిలిపోతుంది. అదే చెక్క సాండింగ్ పిండిని లక్క ద్రావణంలో గానీ ఎపాక్సీలో గానీ కలిపి కూరితే నయం.

లక్క పాలిష్ అందం వేరు: లీటరు స్పిరిట్‌లో 150 గ్రాముల లక్క రేకులు నానబెట్టి, వడకట్టి, గుడ్డ ఉండతో పల్చటి పూతలు. కానీ తడి గ్లాసు పెట్టగానే తెల్ల వలయం. అద్దం కిందైతే పర్వాలేదు, అద్దం లేని టేబుల్‌కి, బెంచీకి రెండు డబ్బాల పీయూ (పాలియురేథేన్) పాలిష్ వేయించండి. డబ్బా మీద రాసిన పాళ్ళలోనే కలపాలి, కలిపింది ఆ పూటే అయిపోవాలి. మూడు పూతలు, నడుమ 320తో తేలిగ్గా. వాన ముసురులో లక్క గానీ ల్యాకర్ (నిగనిగలాడే వార్నిష్) గానీ వేస్తే పాలు చల్లినట్టు పొగబారుతుంది, తెరిపి ఇచ్చాక చూసుకోండి.

అవిసె నూనె రుద్దేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఆ గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి పడేయండి.

కోనసీమ_కలప:
మంచం సంగతి. పట్టెలు (చుట్టూ ఉండే కర్రలు), కోళ్ళు (మంచం కాళ్ళు) విప్పేటప్పుడు సుత్తితో బాదకండి. ముందు చీలలు సన్నని వైపు నుంచి తట్టి తీయాలి. పాత వడ్రంగులు వజ్రం బంక (పశువుల తోలు, ఎముకలతో కాచే జిగురు) పెట్టి ఉంటే కీలు చుట్టూ వేడినీటి గుడ్డ కట్టి కాసేపు ఉంచితే మెత్తబడి వదులుతుంది. ఫెవికాల్ అయితే అంత తేలిగ్గా రాదు.

నిడుపు పట్టెలు ముట్టుకోవద్దు. తలవైపు, కాళ్ళవైపు అడ్డపట్టెలే 3 అడుగుల నుంచి కుదించి, బయటి కొలత 18, 20 అంగుళాలు వచ్చేలా చేయాలి. ఒక్క వైపునే కోయండి. రెండో చివర పాత నాలుక (కోడు బెజ్జంలోకి దిగే కొస) అలాగే ఉంటుంది, కొత్తగా చెక్కాల్సింది ఒక్కటే, దాని పొడవు కలుపుకొని కోయాలి. అది కలపడం చాలామంది వడ్రంగులే మర్చిపోతారు, బెంచీ మూడంగుళాలు ఇరుకైపోతుంది. కోళ్ళు కింద నుంచే కోసి, కూర్చునే మట్టం 17, 18 అంగుళాలకి తేవాలి. పైన తరిణె (చెక్కని తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టిన నగిషీ పోదు.

ఆరడుగుల మీద ముగ్గురు కూర్చుంటే 225 కిలోలు. పట్టె 4 అంగుళాల ఎత్తు, 2 అంగుళాల మందం ఉంటే ఆగుతుంది. అంతకంటే సన్నమైతే మధ్యలో ఐదో కోడు పెట్టండి.

పైన చెక్క బద్దలు వేయొచ్చు: 3 అంగుళాల వెడల్పు, 18 మి.మీ. మందం, 5 మి.మీ. సందు. లేదా మళ్ళీ నవారే అల్లించండి, వేసవిలో హాయి. 3 అంగుళాల నవారైతే పట్టెల పైనా కిందా తిప్పే లెక్కన సుమారు 175 అడుగులు. 200 కొనండి. నూలు నవారు సాగుతుంది, మళ్ళీ బిగించుకునేలా కొస దాచి ఉంచాలి, మేకులతో శాశ్వతంగా కొట్టేయొద్దు.

డాలస్_తోట:
ఇలాంటివి ఇక్కడ అమెరికాకి తెచ్చుకునేవాళ్ళకి: చలికాలం ఇంట్లో హీటర్ నడిస్తే గాలి బాగా పొడిబారుతుంది. గోదావరి చెమ్మలో ఉన్న మంచం ఆ పొడికి ముడుచుకుని కీళ్ళు గలగలమంటాయి. వచ్చిన వెంటనే బంక పెట్టి బిగించకుండా, ఒక చలికాలం గడిచాకే కీళ్ళు సరిచేయండి. హీటర్ గాలి సూటిగా తగిలే చోట పెట్టొద్దు.

పెంకుటిల్లు:
అందరికీ ధన్యవాదాలు. మంచాన్ని బెంచీకి బదులు ఉయ్యాల బల్ల చేస్తే? ఫ్లాట్‌లో శ్లాబుకి కొక్కేలు కొట్టించొచ్చా?

కోనసీమ_కలప:
ఫాల్స్ సీలింగ్‌కి అసలే కాదు. మామూలు ఫాస్టెనర్లు శ్లాబుకి కొట్టి వేలాడదీయడమూ వద్దు. మనుషుల బరువుకి ఊగే ఊపు తోడై పట్టు మీద భారం ఇంకా పెరుగుతుంది. పాత ఇళ్ళలో కొక్కెం దూలానికి ఆరపార ఉండేది. ఇప్పుడైతే బీము ఎక్కడుందో ఇంజనీరు చేత చూపించుకుని, దాన్ని పట్టుకునేలా బోల్టులు వేయించాలి. లేదంటే నేల మీద నిలబడే ఇనుప స్టాండు కొనుక్కోండి.

రందా_భాయ్:
ఒక మాట మరిచిన. ఇది సింహద్వారం తలుపైతే ఇంట్ల పెద్దలని అడిగి కొయ్యండి. టేబుల్ అంటే ఒప్పుకుంటరు గాని గడపను కాలు తగిలేటట్టు బెంచీ చేస్త అంటే చాల ఇండ్లల్ల ఒప్పుకోరు. గడప కర్ర గోడకు షెల్ఫ్ చేసుకోవచ్చు. పసుపు మరక కొంచెం ఎండకు పెడితే దానంతట అదే తగ్గుతది, మందులు అక్కర్లేదు.