పాత డిష్ మార్చాలి, స్లాబుకు మళ్లీ కన్నాలు వేయకుండా నిలబెట్టడం ఎలా?

గుంటూరు డాబా:

అందరికీ నమస్కారం. బ్రాడీపేటలో మాది పాత డాబా ఇల్లు. అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉంటున్నాను. పైన ఉన్న డిష్ 2009లో నాన్నగారు పెట్టించింది. దాని స్తంభం కింద ఇనుప ప్లేటు, ఆ ప్లేటును నాలుగు బోల్టులతో నేరుగా స్లాబులోకి దించారు. ఇప్పుడది పూర్తిగా తుప్పు పట్టింది. స్తంభం చేత్తో పట్టుకుంటే ఊగుతోంది. సరిగ్గా దాని కిందే పడకగది. సీలింగులో తేమ మరక చాలాకాలంగా ఉంది, ఈ వానలకు పెచ్చు ఊడి మంచం పక్కన పడింది. అమ్మ ఆ గదిలో పడుకోవడం మానేసి హాల్లోకి మారింది. నా టెన్షన్ టీవీ గురించి కాదు, దీని గురించే.

టీవీ కూడా సరిగ్గా రావడం లేదు. నాలుగు చినుకులు పడితే చాలు, బొమ్మ ఆగిపోతోంది. చూడడానికి వచ్చిన టెక్నీషియన్ డిష్ మొత్తం మార్చాలన్నాడు. అంతవరకు సరే. పాత ప్లేటు పక్కనే ఇంకో నాలుగు కన్నాలు వేసి బిగిస్తానన్నాడు. నేను ఆపించాను.

స్లాబు జోలికి పోకుండా డిష్ నిలబెట్టే దారి ఉందా? పిట్టగోడకు బిగిస్తే ఆగుతుందా? ఇంకో సంగతి, నెలనెలా ప్యాకేజీ కడుతున్నాం కానీ అమ్మ చూసేవి కొన్ని చానళ్లే. నెలనెలా చందా అక్కర్లేని దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్‌కు మారితే ఈ పాత డిష్ పనికొస్తుందా?

బెజవాడ డిష్ పని:

మీరు ఆపించి మంచి పని చేశారు. నేను ఈ పని మీదే బతుకుతున్నాను. సత్యనారాయణపురం, సింగ్‌నగర్, పటమట వైపు ఎక్కువగా చేస్తాను. డాబాల మీద నేను చూసే లీకుల్లో చాలావాటికి ఇలాంటి బోల్టులే మూలం. కన్నం వేసే మనిషికి పది నిమిషాల పని. ఆ కన్నంలోంచి దిగే నీళ్లు ఇంటివాళ్లు ఏళ్ల తరబడి భరించాలి.

ముందు అందరికీ ఉండే ఒక అపోహ చెబుతాను. డిష్ ఎంత ఎత్తున ఉంటే సిగ్నల్ అంత బాగా వస్తుందనుకుంటారు. పాత రోజుల్లో దూరదర్శన్ యాంటెన్నాకు అది నిజం, ఎందుకంటే అది నేల మీది టవర్ నుంచి అందుకునేది. డిష్‌కు సిగ్నల్ వచ్చేది భూమధ్యరేఖ మీద సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం నుంచి. దాని ముందు మీ డాబా మీద పదడుగుల పైపు ఎంత? డిష్‌కు కావలసింది రెండే: ముందు అడ్డం లేకపోవడం, స్తంభం కదలకపోవడం.

అడ్డం సంగతి చూద్దాం. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. గుంటూరు నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, దిక్సూచిలో 140 డిగ్రీల దగ్గర, ఆకాశంలో 65 డిగ్రీల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. అంత నిటారుగా చూడాలి కాబట్టి, డిష్ కన్నా పదడుగులు ఎత్తున్న గోడ కూడా ఐదడుగుల దూరంలో ఉంటే అడ్డం రాదు. అందుకే డిష్‌ను పిట్టగోడ లోపల, కింద, గాలి తగలని చోట పెట్టుకోవచ్చు. పొడవాటి స్తంభం మీద పెడితే తుపాను గాలికి అది తెరచాపలా లాగుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో వీచింది. తర్వాత నేను సరిచేసిన డిష్‌లలో ఎక్కువ భాగం పొడుగు స్తంభాల మీదివే.

పిట్టగోడకు బిగించవద్దు. మన దగ్గర చాలా పిట్టగోడలు సగం ఇటుక మందం, అంటే నాలుగున్నర అంగుళాలే. యాంకర్ బోల్టు పట్టు దొరకదు, కొన్నాళ్లకు ఇటుకతో సహా ఊడొస్తుంది. మెట్లగది గోడ తొమ్మిది అంగుళాలది అయితే దానికి ఎల్ ఆకారం బ్రాకెట్ బిగించవచ్చు. నేనైతే మీకు సిమెంటు దిమ్మె చెబుతాను. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, అరడుగు మందం. మధ్యలో రెండడుగుల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు నిలబెట్టి కాంక్రీటు పోయించండి. బరువు 75 కిలోల దాకా వస్తుంది. స్లాబుకు ఒక్క కన్నం కూడా అక్కర్లేదు. కింద గోడ గానీ బీము గానీ ఉన్న చోట పెట్టండి, గది నడుమ వద్దు. దిమ్మె కింద రెండు రబ్బరు పట్టీలు వేస్తే వాన నీళ్లు ఆగకుండా పోతాయి.

పైపు నిలబెట్టేటప్పుడు రసమట్టం పెట్టి రెండు వైపులా చూడాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి. డిష్ వెనక బ్రాకెట్ మీద డిగ్రీల గీతలు ఉంటాయి కదా, పైపు నిట్టనిలువుగా ఉంటేనే వాటి లెక్క నిజం. కొంచెం వాలినా ఎత్తు ఒకచోట, దిక్కు ఒకచోట తప్పుతాయి, మనిషి గంటలకొద్దీ వెతుక్కోవాలి.

పాత డిష్ పనికొస్తుందా అంటే, 60 సెంటీమీటర్లదైతే సైజు సరిపోతుంది. వంకర పోయిందేమో చూడాలి. అంచు మీద ఒక దారం నిలువుగా, ఒకటి అడ్డంగా బిగించి కట్టండి. మధ్యలో రెండూ ఒకదాన్నొకటి తాకితే డిష్ బాగుంది. ఎడం కనిపించినా, ఒకటి రెండోదాన్ని నొక్కినా వంగినట్టే, పాత ఇనుముకు వేసేయండి.

సివిల్ కోరిటెపాడు:

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను, స్లాబు సంగతి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టు ఉబ్బి చుట్టూ కాంక్రీటును పగలగొడుతుంది, ఆ పగులులోంచి నీళ్లు దిగి స్లాబు చువ్వలకు తుప్పు అంటుకుంటుంది. మీ గదిలో పెచ్చు ఊడిందంటే చువ్వల దాకా వచ్చినట్టే అనుకుని చూడాలి.

బోల్టులను సుత్తితో కొట్టి పీకించవద్దు, పగులు పెరుగుతుంది. గ్రైండర్‌తో స్లాబు మట్టానికి కోయించి, చుట్టూ ఒక అంగుళం లోతు చెక్కించి, మిగిలిన ఇనుము తల కూడా లోపలికే కోయించండి. తుప్పు నిరోధక పెయింటు వేసి పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. కింద గదిలో చువ్వ కనిపించేదాకా వదులు పెచ్చులన్నీ రాల్చి, వైరు బ్రష్‌తో రుద్ది, అదే పద్ధతిలో చేయించాలి. నేరుగా పుట్టీ పూసి రంగు వేస్తామంటే ఒప్పుకోకండి. లోపల తుప్పు నడుస్తూనే ఉంటుంది. అప్పటిదాకా అమ్మగారిని ఆ గదిలోకి వెళ్లనివ్వకండి.

పట్టాభిపురం:

ఇంత శ్రమ ఎందుకండీ? ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించి అన్నీ అందులోనే చూడొచ్చు కదా.

గుంటూరు డాబా:

అదీ ఆలోచించాను. అమ్మకు ఒక రిమోట్, ఒక నంబరు అలవాటు. నెట్ ఆగితే ఎవరినో పిలవాలి. తనంతట తాను పెట్టుకుని చూసుకునేలా ఉండాలన్నదే నా కోరిక.

బెజవాడ గారూ, దిమ్మె పద్ధతికే వెళ్తున్నాను. వానకు బొమ్మ ఆగిపోవడం మాత్రం డిష్ మార్చినంత మాత్రాన పోతుందా?

బెజవాడ డిష్ పని:

కుండపోత వానకు కాసేపు ఆగడం ఎక్కడైనా ఉన్నదే, ఆ తరంగాలను వాన చుక్కలు మింగేస్తాయి. నాలుగు చినుకులకే ఆగుతోందంటే మాత్రం గురి తప్పి ఉండాలి, లేదా ఎల్‌ఎన్‌బీలోకో (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే చిన్న పరికరం) కనెక్టర్‌లోకో నీళ్లు వెళ్లి ఉండాలి. మీ స్తంభం ఊగుతోంది కాబట్టి గురి తప్పిందనే నా అనుమానం. ఎలాగూ మారుస్తున్నారు కనుక ఎల్‌ఎన్‌బీ, కేబుల్ కూడా కొత్తవి వేయించండి. ఎండకు ఎల్‌ఎన్‌బీ మూతి మీది ప్లాస్టిక్ మూత పగులుతుంది, కంటికి కనబడదు. కేబుల్ ఆర్‌జీ-6 నల్లది తీసుకోండి. కనెక్టర్ దగ్గరికి వచ్చేముందు దాన్ని కిందికి ఒక వంపు తిప్పాలి, అప్పుడు నీళ్లు అక్కడే కారిపోతాయి.

పని చేసేటప్పుడు బాక్సు ప్లగ్ తీసే ఉంచమనండి. కేబుల్లో 13 లేదా 18 వోల్టులు వెళ్తాయి. మనిషికి ప్రమాదం లేదు కానీ కనెక్టర్ షార్ట్ అయితే బాక్సు పాడవుతుంది.

సెట్ చేశాక స్క్రీన్ మీద స్ట్రెంగ్త్ చూసి సరే అనకండి, క్వాలిటీ చూడండి. స్ట్రెంగ్త్ డిష్ ఎటు తిరిగినా కనబడుతుంది. క్వాలిటీ పూర్తిగా ఎక్కేదాకా కదుపుతూ, నట్లు బిగించాక మళ్లీ ఒకసారి చూడాలి, బిగించేటప్పుడే జరుగుతుంది. ఇప్పటి మీ కంపెనీ ఉపగ్రహం వేరైతే ఫ్రీ డిష్‌కు దిక్కు మారుతుంది. కాబట్టి ఏది పెట్టుకుంటారో దిమ్మె పోయకముందే తేల్చుకోండి, అటువైపు ఖాళీ చూసి చోటు ఎంచుకోవచ్చు.