ఫోటోషాప్ 7.0 చాలదా? నెలనెలా డబ్బు ఎందుకు కట్టాలి?

పాతస్టూడియో: 2002లో వచ్చిన 7.0తోనే ఇప్పటికీ పెళ్లి ఆల్బమ్‌లు చేస్తున్నాను. మచ్చలు తీసే హీలింగ్ బ్రష్ అందులోనే వచ్చింది. ఒకదాని మీద ఒకటి పేర్చుకునే లేయర్లయితే 1994 నుంచీ ఉన్నాయి. ఆ తర్వాత ఈ ఫోటోషాప్ చేసే అడోబీ వాళ్లు పొడిచిందేంటి? 2013లో కొత్త వెర్షన్లకి ఒకేసారి కొనుక్కునే పద్ధతి ఎత్తేస్తామని చెప్పి చందా ఒక్కటే ఉంచారు. కట్టడం ఆపితే ఆ ఫోటోషాప్‌లో మన ఫైల్ మనమే తెరవలేం.

పిక్సెల్‌బాబు: అన్నా, మీ 7.0 డబ్బులిచ్చి కొన్నదేనా?

పాతస్టూడియో: నేనడిగింది అది కాదు.

డీటీపీ_అక్క: 7.0లో యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్‌లో కొట్టే తెలుగు, పేస్ట్ చేస్తే ఒత్తులన్నీ విడిపోయి పడేవి. శుభలేఖ మేటర్ ఫోన్‌లో పంపినా డీటీపీకి వాడే పాతరకం అను ఫాంట్లలో మళ్లీ మొదటి నుంచి కొట్టుకోవాల్సిందే. ఇప్పుడు నేరుగా పేస్ట్ చేస్తున్నాను. నాకు అదొక్కటే చాలు.

గింప్‌రాజు: ఫోటోషాప్ లాంటిదే గింప్, 2025లో దాని 3.0 వచ్చింది. ఉచితం. ఒక్కరూ మాట్లాడరేం?

పిక్సెల్‌బాబు: కొత్తగా ఏమిచ్చారంటారా? పెళ్లికూతురి పూలజడ బ్యాక్‌గ్రౌండ్ నుంచి వేరు చేయాలంటే మల్లెమొగ్గ మల్లెమొగ్గకీ పెన్ టూల్‌తో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. ఇప్పుడు సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కితే ముప్పావు పని అయిపోతుంది. తీసేసిన చోటుని చుట్టుపక్కల చూసి నింపే కంటెంట్ అవేర్ ఫిల్ 2010లో, ఏఐతో నింపే జెనరేటివ్ ఫిల్ 2023లో వచ్చాయి. మండపం వెనక అడ్డంగా నిలబడ్డ లైట్ బాయ్‌ని తీసేయడం ఎంతసేపు?

పాతస్టూడియో: తీసేస్తుంది, నిజమే. ఒక ఏఐ యాప్ తలంబ్రాల బియ్యాన్ని కూడా మచ్చలనుకుని పెళ్లికొడుకు ముఖం మీద నుంచి తుడిచేసింది. పెళ్లి పార్టీవాళ్లు నా మీదకొచ్చారు. ఇంటర్నెట్ లేకపోతే ఆ జెనరేటివ్ ఫిల్ కదలను కూడా కదలదు. ఇక సగం రేటుకే ఆల్బమ్ అని స్టేటస్‌లు పెట్టే మీలాంటోళ్ల వల్ల పని తెలిసినవాడికి విలువ లేకుండా పోయింది. పెన్ టూల్ పట్టడం రానివాడు కూడా డిజైనరే!

పిక్సెల్‌బాబు: పెన్ టూల్ పట్టింది ఎవరన్నా? ఓనర్లా? సీజన్‌లో రాత్రి రెండింటిదాకా కూర్చుని జడలు కట్ చేసింది మాలాంటి కుర్రాళ్లం. ఒక స్టూడియోలో ఆఖరి నెల జీతం ఇప్పటికీ రాలేదు నాకు. పార్టీ దగ్గర మాత్రం చేతిపని అని చెప్పి రేటు తీసుకున్నారు. ఇప్పుడు అదే పని నేను ఇంట్లో కూర్చుని చేసుకుంటుంటే విలువ పోయిందా?

గింప్‌రాజు: చర్చ సాఫ్ట్‌వేర్ గురించి అనుకున్నానే.

పాతస్టూడియో: నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లుండేవాళ్లు. నేర్పించాను, అన్నం పెట్టాను. ఇప్పుడు ఇద్దరికీ పనిలేదు, ఒకడు డెలివరీ బండి నడుపుతున్నాడు. నీ ఒక్క క్లిక్కు మింగింది వాళ్ల పనే. ముందు నువ్వు పేజీకి ఎంత తీసుకుంటున్నావో చెప్పు.

పిక్సెల్‌బాబు: వాళ్లకి మీరు పేజీకి ఎంత ఇచ్చేవారో చెప్పండి, నేనూ చెప్తా.

డీటీపీ_అక్క: ఇద్దరూ చెప్పరు, నాకు తెలుసు.