హోప్ నీలి వజ్రం మన కొల్లూరుదేనా? ఖాయంగా చెప్పగలమా?

పల్నాటి పిల్లోడు:
వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రం (45.52 క్యారెట్లు) మా కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిదే. తవెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి ఇక్కడ కొని 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. నిన్న ఎవరో ఆధారం ఏదన్నారు. ఇంకేం ఆధారం కావాలండీ?

రాళ్ళ పిచ్చి:
అన్నది నేనే. తవెర్నియే కొల్లూరు వచ్చాడు, గని గురించి రాశాడు, కాదనను. ఈ రాయి బొమ్మ వేయించాడు, రంగు అందమైన ఊదా అన్నాడు, కానీ ఫలానా గని దగ్గర కొన్నానని మాత్రం రాయలేదు. మ్యూజియం వాళ్ళు కూడా బహుశా కొల్లూరే అంటారు. ఆ 'బహుశా'ని మనవాళ్ళు మింగేస్తున్నారు.

లక్ష్మి:
నాదో చిన్న సందేహం. మా పిన్ని శని కోసం పెట్టుకునే నీలం, ఇదీ ఒకటేనా?

రాళ్ళ పిచ్చి:
కాదండీ. నీలం కురువిందం అనే వేరే ఖనిజం జాతి, దానికి ఆ రంగు ఇనుము, టైటానియం వల్ల వస్తుంది. ఇది వజ్రం, అంటే ఉత్త కర్బనం, అందులో కాస్త బోరాన్ కలిసి నీలమైంది. ఆ బోరాన్ వల్లే కరెంటు కూడా పారుతుంది, మామూలు వజ్రంలో పారదు. అతినీలలోహిత కాంతి పెట్టి తీసేస్తే కాసేపు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది!

పల్నాటి పిల్లోడు:
కొల్లూరు రాళ్ళకి అక్కడి మట్టి రంగు పట్టుకుంటుందని తవెర్నియేనే రాశాడుగా?

రాళ్ళ పిచ్చి:
రాశాడు, పొరపాటు పడ్డాడు. 2018లో 46 నీలి వజ్రాలు తీసుకుని లోపల చిక్కుకున్న ఖనిజాలు చూశారు. అవి 660 కిలోమీటర్లకన్నా లోతున పుట్టి ఉండాలని తేల్చారు, బోరాన్ మాత్రం ఎప్పుడో లోపలికి కుంగిపోయిన సముద్రపు అడుగు నుంచి వచ్చి ఉంటుందట. మన నల్లరేగడికి ఇందులో వాటా లేదు. కొల్లూరు అనేది ఏరు తెచ్చి పడేసిన చోటు, అంతే.

అనంత సీమ:
తెచ్చింది ఎక్కడ్నుంచి మరి? వజ్రాలున్న కింబర్‌లైట్ గొట్టాలు (భూమి లోతు నుంచి వజ్రాల్ని పైకి మోసుకొచ్చే రాయి) మా వజ్రకరూరులో ఉన్నాయి.

రాళ్ళ పిచ్చి:
వజ్రకరూరు నీళ్ళు పెన్నలోకి పోతాయి అన్నా, కొల్లూరేమో కృష్ణ మీద. పోనీ కృష్ణ ఎగువన నారాయణపేట వైపు కింబర్‌లైట్లు ఉన్నాయంటే, వాటిలో చెప్పుకోదగ్గ వజ్రాలు లేవు. ఆ ముడి ఇంకా వీడలేదు. పైగా కొల్లూరే పులిచింతల నీళ్ళ కింద ఉంది.

పల్నాటి పిల్లోడు:
సరే, 'బహుశా' ఒప్పుకుంటా. కానీ ఒక్కటి చెప్పండి. బ్రెజిల్‌లో వజ్రాలు దొరికింది 1720ల్లో, దక్షిణాఫ్రికా ఇంకా తర్వాత. 1668కి ముందు నూట పదిహేను క్యారెట్ల నీలి వజ్రం (అప్పటికి అంతుండేది, తర్వాత కోసి కోసి ఇంతయింది) మన దేశం కాక ఇంకెక్కడ? మన దేశంలో పెద్ద రాళ్ళకి పేరున్న గని ఏది?

రాళ్ళ పిచ్చి:
ఇది వాదన అంటే. ఈ మాట మొదటి పోస్టులోనే రాసుంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు.